గైర్హాజరుకు కారణం: ఓబులేసు మామ

జింకల కొండ, మబ్బు వలల కేంద్రం. దినచర్య పుస్తకం.
రాస్తున్నది: రమీజా, రెండో కాపరి.

నమోదు 4107, మంగళవారం

మబ్బు తెల్లవారి ఐదింటి నుంచి ఏడున్నర దాకా నిలిచింది. మబ్బు తేమను నీళ్లుగా పట్టే అరవై వలల్లో యాభై మూడు పనిచేశాయి. కింద పట్నానికి వదిలిన నీళ్లు మామూలు కంటే మూడో వంతు తక్కువ. చిరిగిన ఏడు వలలూ అలాగే ఉన్నాయి. వాటిని బిగించాలంటే ఒకరు కింద తాడు పట్టుకోవాలి, ఒకరు స్తంభం ఎక్కాలి. నేను ఒక్కదాన్నే ఉన్నాను.

గైర్హాజరు: ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర వరకు. కొండ దిగిన ప్రతిసారీ కారణం రాయాలని నీటి బోర్డు నిబంధన కనుక రాస్తున్నాను.

మొదటి కాపరి ఓబులేసు, వయసు అరవై ఒకటి, పోయిన బుధవారం స్తంభం మీద నుంచి జారి పడ్డాడు. తుంటి దగ్గర తొడ ఎముక విరిగింది. తీగ మీద జారే ఇనుప తొట్టి ఉంది కదా, మేము తాడుబండి అంటాం, ఆ స్తంభం దాని పక్కనే కాబట్టి దాంట్లోనే పడుకోబెట్టి దించాను. పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తొడలో స్టీలు కడ్డీ వేశారు. షుగరు ఉండటం వల్ల మడమ దగ్గర పుండు పడింది. దానికి రోజూ కట్టు మార్చాలి.

ఆయనకు నేను చుట్టాన్ని కాను. పదకొండేళ్లుగా ఈ కొండ మీద ఇద్దరమే ఉంటున్నాం కాబట్టి మామా అని పిలుస్తాను. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. బోర్డు కాగితాల్లో "బాధ్యులు" అన్న చోట ఆయన నా పేరు రాసి పెట్టాడు. ఆ సంగతి నాకు ఆసుపత్రిలోనే తెలిసింది. ఆపరేషన్ మత్తు వల్ల ఆయన ఇంకా కాస్త అయోమయంగా ఉన్నాడు కాబట్టి నిర్ణయం నాదే అన్నారు.

ఆపరేషన్ అయినవాళ్లను ఉంచుకుని నడిపించే కోలుకునే ఇళ్లు ఉంటాయి, నిర్ణయం ఏమిటంటే ఆసుపత్రి నుంచి వాటిలో దేనికి పంపాలని. విడుదల విభాగంలో మనోరంజని గారు కంప్యూటరు తెర నా వైపు తిప్పి చూపించారు.

"ఆదివారం పది గంటలకు మంచం ఖాళీ చేయాలండి. మూడు ఇళ్లల్లో చోటుంది. స్వస్తి భవనానికి తొంభై ఆరు మార్కులు. ఏటిగడ్డకు యాభై ఎనిమిది. మూడోది నూట నలభై కిలోమీటర్ల దూరం, పుండున్న వాళ్లను తీసుకోరు. శనివారం సాయంత్రం లోపల మీరు చెప్పకపోతే కంప్యూటరే ఎక్కువ మార్కులున్న చోటికి రాసేస్తుంది. చాలామంది అలాగే వదిలేస్తారు, తప్పేం లేదు."

"మార్కులు ఏం చూసి ఏస్తారు మేడం?"

"రోజుకు ఎన్ని అడుగులు నడిపిస్తున్నారు, ఎంతమంది పడిపోయారు, ఎన్నాళ్లకు ఇంటికి పంపారు. ముఖ్యంగా ఈ మూడే."

స్వస్తి భవనంలో ఒక్కొక్కరు రోజుకు రెండు వేల తొమ్మిది వందల అడుగులు నడుస్తున్నారట. పోయిన ఏడాది ఒక్కరూ పడలేదు. ఏటిగడ్డలో అడుగులు నాలుగు వందలు. పడటాలు నలభై మూడు.

వెళ్లి చూడవచ్చా అని అడిగాను. చూడవచ్చు కానీ ఎవరూ వెళ్లరని చెప్పారు.

నమోదు 4108, బుధవారం

మబ్బు పలచన. నీళ్లు సగానికి తగ్గాయి. తొమ్మిదో వరుసలో ఇంకో వల పోయింది.

గైర్హాజరు: తొమ్మిది నుంచి ఐదు. స్వస్తి భవనం చూడటానికి.

లోపల చల్లగా ఉంది. నేల మీద ధూళి రేణువు లేదు. వసారాలో పేషెంట్లు బారుగా నడుస్తున్నారు. అందరికీ నడుము నుంచి పాదాల దాకా నడక తొడుగు, మోకాలి దగ్గరా తుంటి దగ్గరా చిన్న మోటార్లు. గోడ మీద ఒక్కొక్కరి పేరు, పక్కన అడుగుల లెక్క మారుతూ ఉంది. ఎవరి ముఖంలోనూ నొప్పి లేదు. ఆపరేషన్ అయి వారం తిరగని మనిషి కూడా నడుస్తున్నాడు. అక్కడికక్కడే ఒప్పుకుంటూ కంప్యూటరులో వేలిముద్ర వేసేద్దామనుకున్నాను.

పదకొండుకు ఎండ సైరన్ మోగింది. నాలుగు దాకా వీధిలోకి పోవడానికి లేదు కాబట్టి నన్ను కూడా సందర్శకుల గదిలో కూర్చోమన్నారు. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. ఒంటిగంట దాటాక మంచినీళ్ల కోసం లేచి, ఒక మలుపు తప్పి, పేషెంట్ల గదిలోకి వెళ్లాను.

ముప్పై తొడుగులు గోడ వెంట మనుషుల్లేకుండా నిలబడి ఉన్నాయి. ఎండ బాగా ఉన్నప్పుడు కప్పు మీది పలకల నుంచి వాటికి కరెంటు ఎక్కిస్తారు, ఒంటిగంట నుంచి మూడు దాకా. ఆ మనుషులందరూ మంచాల మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. తలుపు పక్క మంచం మీద ఉన్న పెద్దావిడ నన్ను చూసి పలకరించింది. పేరు వేదవతమ్మ, లెక్కల టీచరుగా చేసి మానేశారు. వచ్చి నలభై రోజులైందట.

"తొడుగు లేకుండా నడిచి చూసినారామ్మా?" అని అడిగాను.

"ఎవరూ నడవమనలేదమ్మా. ఒకసారి నేనే నిలబడబోతే కాళ్లు వణికాయి. ఊరుకున్నాను."

"ఈ రెండు గంటలు?"

"ఇలాగే. ఒంటిగంటకు ముందు అందరికీ డైపర్ కడతారు. మొదటి వారం ఏడ్చాను. తర్వాత పదకొండు దాటితే నీళ్లు తాగడం మానేశాను." ఆవిడ ఈ మాటలు ఫిర్యాదులా చెప్పలేదు. "నాకు డెబ్బై ఎనిమిది. నాది ఏడో అంతస్తు, నేలంతా చదును, లిఫ్టు ఉంది. తొడుగుతో ఇంటికి పోతాను, వంట చేసుకుంటాను. నొప్పి పడి నేర్చుకుని నేనెక్కడికి నడవాలి? నాకు ఇది చాలు. మీవాళ్లు ఎక్కడుంటారు?"

చెప్పాను. తాడుబండి దిగిన చోటు నుంచి మా గదులకు నూట ఎనభై మెట్లు. మబ్బు తేమకు అక్కడ ఏ మోటారూ ఆరు నెలలు బతకదు.

 "అయితే ఈ ఇల్లు ఆయనకు పనికిరాదు" అంది ఆవిడ, తప్పు లెక్కను కొట్టేసినట్టుగా.

నమోదు 4109, గురువారం

మబ్బు బాగుంది. వలలు యాభై ఒకటి. నీళ్లు తక్కువొస్తున్నాయని పట్నం నుంచి రెండు సార్లు రేడియోలో అడిగారు. కారణం చెప్పాను.

గైర్హాజరు: ఎనిమిదిన్నర నుంచి ఐదున్నర. ఏటిగడ్డ ఇల్లు చూడటానికి.

అది ఒకప్పటి బస్సు డిపో. ఎండిపోయిన ఏరు పక్కనే ఉంది. లోపలికి అడుగు పెట్టగానే ఉడికిన రాగి సంకటి వాసన, ఫినాయిలు వాసన కలిసి వచ్చాయి. నడక నేర్పే ఆమె పేరు దానమ్మ. యాభై దాటి ఉంటాయి, గొంతు పెద్దది. బస్సుల కింద దిగి రిపేరు చేసే గోతులుంటాయి కదా, వాటిలో పేషెంట్లను నడిపిస్తోంది. నడుము లోతు గొయ్యి, రెండు పక్కలా గట్టు. గట్టు మీద చేతులాన్చుకుని మనిషి తన కాళ్ల మీదే నడవాలి. ఒకాయన నాలుగు అడుగులు వేసి, దానమ్మను బండబూతులు తిట్టి, ఇంకో నాలుగు వేశాడు.

గోతిలో పది రోజులైతే పైకి తెచ్చి చాపల మీద నడిపిస్తుందట. పడితే ఎట్లా లేవాలో కూడా నేర్పిస్తుందట.

"పోయిన ఏడాది నలభై మూడు తూర్లు పడినారంట కదక్కా?" అన్నాను.

"అవును. నలభై ఒగటి చాపల మింద, దెబ్బ తగల్లేదు. రెండు తగిలినాయి. ఒగాయన చెప్పకుండా లేసి పోబోయినాడు. ఇంగోటి నా తప్పు. నీళ్లు పడిన తావు తుడిపించలేదు. ఆయమ్మ మణికట్టు ఇరిగింది." ఆమె ఆ రెండు పేర్లూ చెప్పింది. ఇక్కడ రాయడం లేదు.

ఇక్కడా ఎండ సైరన్ అయ్యాక ఉండిపోవాల్సి వచ్చింది. రెండింటికి మూలనున్న ఒక ముసలాయన గంట కొట్టాడు. ఎవరూ రాలేదు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. పదకొండు నిమిషాలయ్యాక ఆగలేక నేనే వెళ్లి నీళ్లు తాగించాను. దానమ్మతో చెప్పాను.

"పదకొండా? నిన్న పద్దెనిమిది అయింది. పదహారు మందికి నేనూ, ఇంగిద్దరూ. నర్సు వారానికి రెండు తూర్లు వస్తాది. ఉండేది ఉన్నట్టు చెప్తాండా, ఆనక నన్ను అడగొద్దు."

మామ ఎక్స్‌రే ఆమెకు చూపించాను. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది.

"ఈయన తన అంతట తాను ఏం చేసుకోవల్లంటాడు?"

"స్తంభాలెక్కల్ల. మా పని అదే."

"నిన్నడగలేదు మే. ఆయనేమంటాడు?"  ఆమె ఎక్స్‌రే తిరిగి ఇచ్చేసింది. "షుగరుండాది, వయసుండాది, తొడలో కడ్డీ ఉండాది. ఈయప్ప ఇంగ స్తంభం ఎక్కడు. ఎక్కిస్తామని ఎవురన్నా చెప్తే నమ్మాకు. కర్ర పట్టుకోని నడుస్తాడు. మెట్లు పది, ఇరవై ఎక్కుతాడేమో. అది చాలనుకుంటే తీసుకురా. పోయి ఆయన్ని అడుగు."

తాడుబండిలో పైకి వస్తున్నంతసేపూ, మామ ఇక స్తంభం ఎక్కడు అన్న మాట తప్ప ఇంకేదీ తలకెక్కలేదు.

నమోదు 4110, శుక్రవారం

మబ్బు లేదు. నీళ్లు లేవు.

బోర్డు నుంచి తాఖీదు వచ్చింది. మొదటి కాపరి తొంభై రోజుల్లో తొడుగు లేకుండా ఇరవై మెట్ల నిచ్చెన ఎక్కి చూపించాలి. లేకపోతే ఆ పోస్టు వేరొకరికి ఇస్తారు, గది ఖాళీ చేయించాలి. అందినట్టు సంతకం పెట్టి పంపాను.

గైర్హాజరు: తొమ్మిది నుంచి ఐదు. ఆసుపత్రిలో.

మామ ఈ రోజు తెలివిలో ఉన్నాడు. వలలు ఎన్ని పోయాయని అడిగాడు. చెప్పాను. ఏ వరుసలో, ఏ గాలికి అని కూడా అడిగాడు. రెండు ఇళ్ల గురించీ చూసింది చూసినట్టు చెప్పాను. దానమ్మ స్తంభం గురించి అన్న మాట చెప్పలేదు. తాఖీదు సంగతీ చెప్పలేదు.

"ఏ ఇల్లూ వద్దు. నన్ను కొండకి తీసుకపో" అన్నాడు.

"నూట ఎనభై మెట్లు మామా."

"నువ్వు మోయి."

"నువ్వు డెబ్బై కిలోలుండావు."

"ఆసుపత్రి కూడు తిని అరవై అయింటా."

నేను నవ్వలేదు. కుదరదని చెప్పాను. ఆయన గోడవైపు తిరిగాడు.  కాసేపటికి ఆయా వచ్చి ఆయన కింద బెడ్‌పాన్ పెట్టింది. తెర సగమే లాగింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. ఆయా వెళ్లిపోయాక ఆయన గోడకేసే చూస్తూ మాట్లాడాడు.

"దొడ్డికి నా అంతట నేను పోవల్ల. అది నేర్పిచ్చేది యాడో చూడు. ఇంగేమొద్దు."

పదకొండేళ్లలో ఆయన నన్ను ఏదైనా కావాలని అడగడం ఇదే మొదటిసారి.

నమోదు 4111, శనివారం

మబ్బు ఒక గంట. వలలు యాభై.

గైర్హాజరు: ఎనిమిది నుంచి ఆరు.

ఒక విషయం ఇక్కడ రాయాలి. గురువారం నుంచి నేను ఆలోచించింది ఆయన గురించి కాదు. ఇక ముందు తాడు కొస ఎవరు పట్టుకుంటారు, వంటగదిలో ఎదురుగా ఎవరు కూర్చుంటారు అని ఆలోచించాను. ఏటిగడ్డకు పంపితే తిరిగి వస్తాడని ఆశపడ్డాను. దానమ్మ చెప్పింది నిజమైతే ఏ ఇంటికి పంపినా ఆయన పైకి రాడు. అప్పుడిక మిగిలింది ఆయన అడిగింది ఒక్కటే.

మనోరంజని గారికి ఏటిగడ్డ అని చెప్పాను.

"తొంభై ఆరు వదులుకుని యాభై ఎనిమిది ఎంచుకుంటే కారణం రాయాలండి. అదిగో, ఆ గడిలో."

రాశాను: పేషెంటుకు దొడ్డికి తన అంతట తాను వెళ్లాలని ఉంది. ఆవిడ చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వలేదు.

"ఆ పుండు సంగతి ఆలోచించారా? అక్కడికి నర్సు వారానికి రెండు సార్లే వెళ్తుంది."

"రోజూ రావల్లంటే ఏం చేయల్ల మేడం?"

"విడుదల కాగితంలో డాక్టరు 'రోజూ కట్టు' అని రాస్తే పట్నం నర్సు రోజూ వెళ్లి తీరాలి. కానీ ఇక్కడి నుంచి బయటపడ్డాక రాయించడం కుదరదు. ముందే రాయించుకోవాలి. ఎవరూ అడగరు."

డాక్టరు గది ముందు తొమ్మిదిన్నరకు కూర్చున్నాను. ఆయన రెండు సార్లు బయటికి వచ్చి, రెండు సార్లూ తర్వాత అన్నాడు. మూడోసారి మనోరంజని గారే కాగితం పట్టుకొచ్చి, ఇది రాసేదాకా ఈమె విడుదల మీద వేలిముద్ర వేయదట అని చెప్పారు. ఆ మాట నేను అనలేదు. కానీ అప్పుడు అన్నాను. మూడు గంటలకు రాసిచ్చాడు: రోజూ కట్టు, షుగరు రెండు పూటలా చూడాలి, మడమ మంచానికి తగలకుండా దిండు. వేలిముద్ర వేశాను.

నమోదు 4112, ఆదివారం

మబ్బు సంగతి తెలియదు, మీటరు చూడలేదు. ఈ తప్పు నాదే.

గైర్హాజరు: ఏడు నుంచి ఐదున్నర.

పది గంటలకు మామను ఏటిగడ్డకు మార్చాం. దానమ్మ ఆయన్ను కింది నుంచి పైదాకా చూసి, "బూతులు వస్తాయా?" అని అడిగింది.

"వస్తాయి" అన్నాడు.

"సరే అయితే. రేపు గోతిలోకి."

కాగితం ఆమె చేతిలో పెట్టి, రోజూ కట్టు అన్న చోటు వేలితో చూపించాను. దాన్ని గోడకు మేకు కొట్టి తగిలించింది. నేను బయల్దేరేటప్పుడు మామ నా వైపు చూడలేదు. అలిగాడో భయపడ్డాడో నాకు తెలియలేదు.

నమోదు 4126, ఆదివారం

మబ్బు మూడు గంటలు. వలలు యాభై ఏడు. బోర్డు ఇద్దరు మనుషుల్ని రెండు రోజులకు పంపింది, వాళ్లతో కలిసి ఏడు వలలు బిగించాను.

గైర్హాజరు: తొమ్మిది నుంచి ఐదు. మామ నిన్న చాప మీద పడ్డాడని కబురు వచ్చింది.

నేను వెళ్లేసరికి మోచేయి కమిలి ఉంది, అంతే. పడ్డాక ఎవరినీ పట్టుకోనివ్వకుండా పక్కకు దొర్లి, మోకాలి మీద లేచి, స్టూలు పట్టుకుని నిలబడ్డాడట. ఎంతసేపు పట్టిందని అడిగాను.

"ఇరవై నిమిషాలు. సంకటి సల్లారిపాయ" అన్నాడు.

ధూళిగాలి వచ్చిన రెండు రోజులు నర్సు రాలేదు, దానమ్మే కట్టు కట్టింది. పుండు అంచులు ఎండుతున్నాయి. కానీ నేను ఉండగానే పక్క మంచం ఆయన గంట కొడితే తొమ్మిది నిమిషాలు ఎవరూ రాలేదు. ఈ ఇల్లు మంచిదని రాయలేను. తప్పు చేశానని కూడా అనిపించడం లేదు.

నమోదు 4171, బుధవారం

మబ్బు నాలుగు గంటలు, ఈ కాలంలో ఇదే ఎక్కువ.

గైర్హాజరు: తొమ్మిది నుంచి ఐదున్నర. తాఖీదు సంగతి మామతో చెప్పడానికి. గడువు ఇంకో ఇరవై తొమ్మిది రోజులే ఉంది. ఇన్నాళ్లూ చెప్పకపోవడానికి కారణం, చెబితే గోతిలోకి దిగడం మానేస్తాడని నా భయం.

ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పక్కన చేతికర్ర ఉంది. ముఖం కాస్త చిక్కింది, గడ్డం శుభ్రంగా గీసుకున్నాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని, తాఖీదు చదివి వినిపించాను. దానమ్మ మొదటిరోజు నాతో అన్న మాట కూడా చెప్పాను.

"నాకు తెలుసు లే" అన్నాడు.

"ఎవరు చెప్పినారు?"

"ఎవురు చెప్పల్ల? పడిన పూటే తెలిసిపాయ. ముప్పై ఏండ్లు ఎక్కినోణ్ని, నా కాలు నాకు తెల్దా."

"మరి నాకేం చెప్పలేదే మామా?"

ఆయన కర్ర పిడి మీద బొటనవేలు రాస్తూ కూర్చున్నాడు.

"చెప్తే, ఇంగ ఎక్కని మనిషి ఏ ఇంట్లో పడుంటే ఏమిలే అని ఆ సల్లని ఇంట్లో పెడతావేమో అనుకుంటి. ఎక్కే మనిషికైతే ఎవురన్నా కష్టపడి నేర్పిస్తారు. అందుకని నోరు మూసుకోనుంటి."

నేను ఎందుకు దాచానో కూడా చెప్పాను.  తర్వాత ఆయన ఇంకో సంగతి చెప్పాడు. దానమ్మతో రాయించి బోర్డుకు అర్జీ పెట్టుకున్నాడట. కొండ కింద తాడుబండి ఆగే చోట చదునుగా ఉన్న గది ఇస్తే, చిరిగిన వలలు కూర్చుని అల్లి పైకి పంపుతానని. మొన్న జవాబు వచ్చింది, సరేనన్నారు. దిండు కింది నుంచి తీసి చూపించాడు.

"నీకు కొత్త మనిషి వస్తాది పైకి" అన్నాడు. "మొదటి రెండు దినాలు వంట నువ్వే చెయ్. మూడో దినం నుంచి వాళ్ల చేత చేయించు. లేదంటే పదకొండేండ్లు నువ్వే చేస్తావు."

"నాకు తెలిసొచ్చింది లే" అన్నాను.

కర్ర అందుకుని లేచాడు. లేవడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. నేను స్టూలు మీద నుంచి సగం లేచాను.

"కూచో" అన్నాడు.

కూర్చున్నాను. గది అవతలి కొసన ఉన్న మరుగుదొడ్డి తలుపు దాకా పద్దెనిమిది అడుగులు ఉంటాయి. మధ్యలో ఒకసారి ఆగి, గోడకు చేయి ఆన్చి, మళ్లీ నడిచాడు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వినిపించింది.